ఏడాదికోసారి తెరిచే తలుపులు: ఆ 'ఉచితం' వెనక ఉన్న పాత బాకీ

సెప్టెంబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో మామూలుగా తాళం వేసి ఉండే చోట్లు చాలా తెరుచుకుంటాయి. చర్చి గంట గోపురం, ఎప్పుడో మూతపడ్డ నీటి పంపింగ్ స్టేషన్, పాత కోర్టు కింద ఖైదీలను ఉంచిన గదులు, చివరికి ఎవరో ఇప్పటికీ కాపురం ఉంటున్న పాతకాలం ఇళ్లు కూడా. హెరిటేజ్ ఓపెన్ డేస్ అని పేరు. ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ ఉండదు. ఈ టికెట్ లేకపోవడం మీదే చాలాచోట్ల నిర్వాహకుల మధ్య వాదన నడుస్తుంటుంది. పైకప్పు కారుతోంది, వచ్చినవాళ్ల దగ్గర తలా రెండు పౌండ్లు తీసుకుంటే తప్పేంటి అని ఒకరంటారు, అలా కుదరదు, అది రూలు అని ఇంకొకరంటారు. ఆ రూలు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

నా లెక్కలో ఈ కథ పండగతో కాదు, పన్నుతో మొదలవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి బ్రిటన్‌లో పెద్ద పెద్ద జమీందారీ భవనాల పరిస్థితి దివాలాకి దగ్గరగా ఉంది. పనిమనుషులు దొరకరు, పైకప్పులు కూలుతున్నాయి, పైగా 1949 నాటికి బాగా పెద్ద ఆస్తుల మీద వారసత్వ పన్ను 80 శాతం దాకా వెళ్లింది. కొందరు ఇల్లు కూలగొట్టి రాళ్లూ కలపా అమ్ముకున్నారు. అదే ఏడాది లాంగ్‌లీట్ అనే పెద్ద భవనం యజమాని మాత్రం టికెట్ పెట్టి జనాన్ని లోపలికి రానిచ్చాడు, అది బాగా నడిచింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కానీ అందరి ఇల్లూ లాంగ్‌లీట్ కాదు కదా. 1950లో ఈ ఇళ్ల సంగతి చూడ్డానికి వేసిన గవర్స్ కమిటీ రిపోర్టు వచ్చింది, 1953లో చట్టం వచ్చింది: చారిత్రక కట్టడాల మరమ్మతుకి ప్రభుత్వం డబ్బిస్తుంది. ఊరికే కాదు, ఆ డబ్బు తీసుకున్న ఇంటి తలుపు ఏడాదిలో కొన్ని రోజులైనా జనానికి తెరవాలనే షరతు దానితోపాటు మామూలైపోయింది.

నాకు అసలు విషయం ఇక్కడే కనిపిస్తుంది. తలుపు తెరవడం యజమాని పెద్దమనసు కాదు, జనం సొమ్ముతో పైకప్పు వేయించుకున్నందుకు జనానికి తీర్చాల్సిన బాకీ.

అయితే ఈ బాకీ కథలో సామాన్యుడు ఇంకా చూడ్డానికి వచ్చేవాడే తప్ప చేయించేవాడు కాదు. అది మారడానికి కూల్చివేతలు కావాల్సి వచ్చాయి. లండన్‌లో యూస్టన్ స్టేషన్ ముందున్న పెద్ద రాతి తోరణాన్ని ఎంతమంది గొడవ చేసినా వినకుండా 1961లో పడగొట్టడం మొదలుపెట్టారు. పారిస్‌లో లే ఆల్ మార్కెట్ ఇనుప మండపాలను 1971 నుంచి తీసేశారు. ఇవేమీ రాజుల కోటలు కావు. జనం రోజూ తిరిగిన చోట్లు, అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. ఊరూరా పాత కట్టడాలను కాపాడే సొసైటీలు పుట్టాయి, ఉన్నవి బలపడ్డాయి. వీటన్నిటికీ గొడుగులా ఉన్న సివిక్ ట్రస్ట్‌ను 1957లో డంకన్ శాండిస్ అనే మంత్రి పెట్టాడు. 1967లో ఒక్కొక్క భవనాన్నే కాకుండా మొత్తం వీధినీ పేటనీ కాపాడే చట్టం పార్లమెంటులోకి తెచ్చిందీ ఆయనే. 1975ని యూరప్ నిర్మాణ వారసత్వ సంవత్సరంగా జరిపినప్పుడూ ముందు నిలబడ్డాడు. ఒక రాజకీయ నాయకుడికి పాత గోడల మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక తలుపులు తెరవడానికి ఏడాదికో 'రోజు' అనే ఆలోచన ఫ్రాన్స్‌ది. సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ 1984 సెప్టెంబరులో ఒక ఆదివారం చారిత్రక కట్టడాల తలుపులన్నీ తెరవమన్నాడు. మరుసటి ఏడాది స్పెయిన్‌లోని గ్రనాడాలో యూరప్ మంత్రుల సమావేశంలో, మీరూ చేయండి అని మిగతా దేశాలకి చెప్పాడు. నెదర్లాండ్స్ 1987లో అందుకుంది. 1991లో యూరప్ దేశాల కూటమి అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ దీన్ని ఖండం మొత్తానికి యూరోపియన్ హెరిటేజ్ డేస్‌గా ప్రకటించింది, జర్మనీలో 1993లో మొదలైంది. ఫ్రాన్స్‌లో దేశాధ్యక్షుడుండే ఎలిజే భవనం ముందు చాలా ఏళ్లపాటు ఆ వారాంతంలో గంటల తరబడి క్యూలు కట్టేవారు. రాష్ట్రపతి కుర్చీ చూడ్డానికి అంత క్యూ ఏంటి అనొచ్చు, కానీ ఎప్పుడూ మూసి ఉండే తలుపుకి ఆ మాత్రం ఆకర్షణ ఉంటుంది.

సెప్టెంబరే ఎందుకంటే నాకు తోచింది ఇది: వేసవి టూరిస్టుల రద్దీ తగ్గుతుంది, ఒక రోజు టికెట్ వదులుకున్నా యజమానికి పెద్ద నష్టం ఉండదు, వాన ఇంకా పూర్తిగా పట్టదు.

బ్రిటన్‌లో ఇది పైనుంచి ఆర్డరుగా రాలేదు, ఆ తేడా ముఖ్యం. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో 1990లో యూరప్ సాంస్కృతిక నగరంగా ఉన్నప్పుడు గ్లాస్గోలో, ఎయిర్ అనే ఊళ్లో డోర్స్ ఓపెన్ డే అని చేశారు. లండన్‌లో విక్టోరియా థార్న్‌టన్ 1992లో ఓపెన్ హౌస్ మొదలుపెట్టింది, అది పాత కట్టడాలతో ఆగకుండా కొత్త ఆఫీసు భవనాలనీ కలుపుకుంది. 1994లో హెరిటేజ్ ఓపెన్ డేస్ వచ్చింది. నడిపించింది సివిక్ ట్రస్ట్, అంటే యూస్టన్ తోరణం పోయినప్పుడు గొడవపడ్డ తరం కట్టుకున్న వ్యవస్థే. ఇలా స్థానిక సొసైటీల చేతికి రావడంతో జాబితా రూపమే మారిపోయింది. భవంతుల పక్కన మసీదులు, యూదుల ప్రార్థనా మందిరాలు, శ్మశానాలు, ఫ్యాక్టరీలు వచ్చి చేరాయి. ఏది వారసత్వమో మంత్రిత్వశాఖ కాదు, తాళంచెవి చేతిలో ఉన్నవాళ్లు చెప్పడం మొదలైంది. రూలు మాత్రం పాతదే మిగిలింది: ఉచితంగా ఉండాలి, ఆ చోటు మామూలుగా మూసి ఉండేదో టికెట్ ఉండేదో అయ్యుండాలి.

దీంతో ఒక బరువు కూడా మీద పడింది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఫ్రాన్స్‌లో వెనక మంత్రిత్వశాఖ ఉంది, ఇంగ్లండ్‌లో ప్రచారం ఎవరు చేయాలి? కేంద్ర జాబితాలో పేరు ఎక్కితే దేశమంతా కనబడుతుంది నిజమే, కానీ గంట గోపురం ఎక్కడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ వీధిలో రోజూ నడిచేవాళ్లే. వాళ్లకి తెలియాలంటే గేటుకి బ్యానరు కట్టాలి, లైబ్రరీలో కాగితం అంటించాలి, లోకల్ పత్రికకి ముందే ఫొటో పంపాలి, అది కూడా భవనం బయట ఫొటో కాదు, ఎవరూ చూడని లోపలి మెట్లదో యంత్రానిదో. ఇదంతా జీతం లేని వాలంటీర్ల పని. 2009లో సివిక్ ట్రస్టే డబ్బుల్లేక మూతపడింది. అప్పుడు టెన్షన్ పడ్డవాళ్లు తక్కువేం కాదు, అయినా ఈ రోజులు ఆగలేదు, తర్వాత చారిత్రక కట్టడాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చాయి, మంచి పనులకి డబ్బిచ్చే పోస్ట్‌కోడ్ లాటరీ సొమ్ము తోడైంది, రెండు వారాంతాలు కలిపి పది రోజులయ్యాయి. పది రోజులంటే గొప్పగానే ఉంది, కాపలా నిలబడేవాళ్లు మాత్రం అదే పదిమంది.

ఈమధ్య వాదన ఇంకో రూపంలో వచ్చింది. ఇరుకు మెట్లున్న గోపురంలోకి ఒకసారికి పదిహేను మందికి మించి పట్టరు, కాబట్టి ముందస్తు బుకింగ్ పెడతారు. డబ్బు పోయేది లేదు గనక బుక్ చేసుకున్నవాళ్లలో కొందరు రారు, బయట మాత్రం చోటు లేదని వెనక్కి పంపినవాళ్లు ఉంటారు. ఒక్క పౌండు డిపాజిట్ పెడదాం, వస్తే తిరిగిచ్చేద్దాం అని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయంగానే ఉంది, కానీ 1953 బాకీ గుర్తున్నవాళ్లు దానికీ ఒప్పుకోరు. వాళ్లు చేసేది ఇంకా సింపుల్: పదిహేను చోట్లకి ఇరవైమందిని రాసుకుని, అందరూ వచ్చేస్తే ఎలాగా అని గేటు దగ్గర గుండె అరచేతిలో పెట్టుకుని నిలబడతారు.