ఫ్రీక్వెన్సీ షిఫ్టర్‌ను పరీక్షించడం: అపోహలు - వాస్తవాలు

మాడ్యులర్ సింథసైజర్ అంటే విడివిడి మాడ్యూళ్ళను వైర్లతో కలిపి వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం. ధ్వనిలోని ఫ్రీక్వెన్సీలన్నిటినీ ఒకే మేర పైకో కిందికో జరిపే ఫ్రీక్వెన్సీ షిఫ్టర్ అందులో ఖరీదైన మాడ్యూల్. అయినా చాలామంది దాన్ని ఫిల్టర్‌ను ఎంచుకున్నట్టే ఒక్క నిమిషం విని ఎంచుకుంటారు. మాడ్యూళ్ళు కట్టడం, మరమ్మతు చేయడం నా పని. ఈ మాడ్యూల్ గురించి నన్ను అడిగే ప్రశ్నల వెనక తరచూ కొన్ని అపోహలు కనిపిస్తాయి. వాటిని తొలగించుకోకుండా పరీక్షకు కూర్చుంటే దేనికోసం వెతకాలో కూడా తెలియదు.

అపోహ: ఇది శ్రుతి మార్చే పరికరం.

కాదు. శ్రుతి మార్చే పరికరం ఫ్రీక్వెన్సీలను ఒక సంఖ్యతో గుణిస్తుంది, షిఫ్టర్ వాటికి ఒక సంఖ్యను కూడుతుంది. షడ్జమం 200 హెర్ట్జ్ అనుకుందాం. పంచమం 300, తారషడ్జమం 400 అవుతాయి. ఈ మూడింటినీ 1.25తో గుణిస్తే 250, 375, 500 వస్తాయి. శ్రుతి పెరిగింది, స్వరాల మధ్య సంబంధం మాత్రం చెదరలేదు. షిఫ్టర్‌లో 50 హెర్ట్జ్ కలిపితే వచ్చేవి 250, 350, 450. ఇప్పుడు 250ని షడ్జమంగా పట్టుకుని వినండి. 350 దానికి 1.4 రెట్లు, అంటే పంచమం ప్రతిమధ్యమం దగ్గరికి దిగిపోయింది. 450 దానికి 1.8 రెట్లు, అంటే తారషడ్జమం ఉండాల్సిన చోట కైశికి నిషాదం వచ్చి కూర్చుంది. ఒక్కో స్వరంలోని అనుస్వరాలకూ (మూల ఫ్రీక్వెన్సీతో పాటు మోగే హార్మోనిక్స్‌కూ) ఇదే గతి. అందుకే నేను ఏ షిఫ్టర్‌నైనా ముందు తంబుర నాదంతో వింటాను. అనుస్వరాలు అంత నిండుగా, అంత నిలకడగా ఉండే ధ్వని ఇంకొకటి నాకు దొరకలేదు.

అపోహ: అలాగైతే దీన్నుంచి వచ్చేదంతా గంట మోతే.

ఎంత జరుపుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. 100, 200, 300 హెర్ట్జ్ అనుస్వరాలున్న నాదాన్ని 50 పైకి జరిపితే 150, 250, 350 వస్తాయి. ఇవి 50కి బేసి గుణిజాలు కాబట్టి చెవికి పొందికగానే ఉంటాయి. సరిగ్గా 100 జరిపినా అనుస్వరాల వరుస చెడదు. 37 జరిపితే మాత్రం లోహపు మోత మొదలవుతుంది.

నా దృష్టిలో ఈ మాడ్యూల్ అసలు సొగసు 1 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంది. జరిపిన ధ్వనిని అసలు ధ్వనితో కలిపితే ఫేజర్ (ధ్వని రంగు అలలా మారేలా చేసే ఎఫెక్ట్) లాంటి కదలిక వస్తుంది. అది పైకి వెళ్ళి మళ్ళీ కిందికి దిగే కదలిక కాదు, ఒకే దిశలో ఆగకుండా సాగిపోతూనే ఉంటుంది. పైకి జరిగిన ధ్వనిని ఎడమ స్పీకర్‌కూ కిందికి జరిగినదాన్ని కుడి స్పీకర్‌కూ పంపితే గది విశాలమైనట్టు అనిపిస్తుంది. సంగీతంతో సంబంధం లేని చోట కూడా చిన్న జరుపుడు అక్కరకొచ్చింది. 1960లలో బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, ధ్వనిని కొద్ది హెర్ట్జ్‌లు జరిపి సభామందిరాల్లో మైకు కూతపెట్టడాన్ని తగ్గించవచ్చని చూపించాడు.

అపోహ: రింగ్ మాడ్యులేటర్‌కు ఒక ఫిల్టర్ తగిలిస్తే ఇదే వస్తుంది.

కాస్త ఓపికగా చదవాల్సింది ఈ భాగమే. రెండు తరంగాలను గుణించే రింగ్ మాడ్యులేటర్ వాటి ఫ్రీక్వెన్సీల మొత్తాన్నీ, తేడానూ రెండింటినీ ఇస్తుంది. వీటినే సైడ్‌బ్యాండ్లు అంటారు. 1000 హెర్ట్జ్‌ను 100తో కలిపితే 1100, 900 రెండూ వస్తాయి. ఒక్క సైన్ తరంగమైతే ఫిల్టర్‌తో ఒకదాన్ని కొంత తగ్గించవచ్చు. నిజమైన సంగీతంలో పైకి జరిగినవీ కిందికి జరిగినవీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఫిల్టర్ వాటిని విడదీయలేదు.

షిఫ్టర్ వేరే దారి పడుతుంది. లోపలికి వచ్చిన ధ్వనిని డోమ్ ఫిల్టర్ రెండు పాయలుగా చేస్తుంది. ఆ పాయల మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా, అంటే తరంగంలో పావు చుట్టు తేడా ఉండాలి, అదీ ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర కాదు, వినికిడి పరిధి అంతటా. ఇంకోపక్క, ఎంత జరపాలో నిర్ణయించే ఆసిలేటర్ సైన్, కొసైన్ తరంగాలను ఇస్తుంది (ఈ తరంగాన్నే క్యారియర్ అంటారు). రెండు గుణకాలు (గుణించే సర్క్యూట్లు) ఈ జతలను గుణిస్తాయి. ఫలితాలను కూడితే ఒక సైడ్‌బ్యాండ్, తీసివేస్తే రెండోది రద్దవుతుంది. మాడ్యూల్ గుణమంతా ఈ రద్దు ఎంత పూర్తిగా జరుగుతోందన్న దానిలోనే ఉంది. ఫేజ్‌లో 1 డిగ్రీ తప్పితే, అక్కర్లేని సైడ్‌బ్యాండ్ కావలసినదానికన్నా సుమారు 41 డెసిబెల్స్ కింద మిగిలిపోతుంది. రెండు పాయల స్థాయిలో 1 శాతం తేడా ఉంటే సుమారు 46 డెసిబెల్స్ కింద మిగులుతుంది. డోమ్ ఫిల్టర్‌లో రెసిస్టర్లూ కెపాసిటర్లూ జాగ్రత్తగా ఎంచి వేయాల్సింది ఇందుకే. ఖర్చూ ప్రధానంగా అక్కడే.

పరీక్ష కష్టమేమీ కాదు. 1000 హెర్ట్జ్ సైన్ పంపండి, 100 పైకి జరపండి, అవుట్‌పుట్‌ను కంప్యూటర్‌లోకి తీసుకుని స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే బొమ్మ) చూడండి. 1100 దగ్గర ఎత్తైన గీత ఉండాలి. 900 దగ్గర కనిపించేది రద్దు కాని సైడ్‌బ్యాండ్, 1000 దగ్గరది జరగకుండా దాటొచ్చిన అసలు ధ్వని, 100 దగ్గరది క్యారియర్ లీకు, అంటే బయటికి దాటొచ్చిన ఆసిలేటర్ తరంగం. తర్వాత ఇదే పరీక్షను 60 హెర్ట్జ్‌తోనూ 8000తోనూ చేయండి. మధ్యలో చక్కగా పనిచేసే డోమ్ ఫిల్టర్ అంచుల దగ్గర తడబడుతుంది. ముఖ్యంగా కింది అంచున. బేస్ కోసం కొనేవాళ్ళు ఈ కొలత చూడకుండా డబ్బు కట్టవద్దు. ఇన్‌పుట్ స్థాయిని పెంచుతూ కూడా చూడండి. గుణకాల మీద భారం ఎక్కువైతే లెక్కలో లేని కొత్త గీతలు పుడతాయి.

అపోహ: అనలాగ్ అయితేనే అసలైనది.

డిజిటల్ మాడ్యూల్‌లో విడిభాగాల తేడాలుండవు కాబట్టి రద్దు చాలా శుభ్రంగా జరగగలదు. దాని ఇబ్బందులు వేరు. పైకి జరిగిన ఫ్రీక్వెన్సీ, శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ సంఖ్యలో) సగాన్ని దాటితే మడిచినట్టు కిందికి తిరిగొస్తుంది. పైగా లోపలి ఆలస్యం వల్ల, అసలు ధ్వనితో బయట మిక్సర్‌లో కలిపినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోతాయి. మీ వాడకానికి ఏ ఇబ్బంది అడ్డో చూసుకుని ఎంచుకోండి.

అపోహ: ఎన్ని వేల హెర్ట్జ్ జరిపితే అంత మంచిది.

వేల హెర్ట్జ్ జరపడం సులువే, సున్నా దగ్గర నిలబడటమే కష్టం. హరాల్డ్ బోడె రూపొందించగా మూగ్ సంస్థ 1630 పేరుతో తయారుచేసిన షిఫ్టర్‌ను ఇప్పటికీ ప్రమాణంగా చెప్పుకోవడానికి, అది సున్నాను దాటి పైకీ కిందికీ సాఫీగా వెళ్ళడం ఒక కారణం. వోల్టుకు ఒక ఆక్టేవ్ (ఫ్రీక్వెన్సీ రెట్టింపు) చొప్పున నడిచే కంట్రోల్ వోల్టేజీతో సున్నాను దాటలేం, ఎన్నిసార్లు సగం చేసినా సున్నా రాదు కదా. వోల్టుకు ఇన్ని హెర్ట్జ్ చొప్పున జరిపే లీనియర్ ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. మాడ్యూల్‌ను అరగంట వేడెక్కనిచ్చి, నాబ్‌ను సున్నా దగ్గర పెట్టి, అసలు ధ్వనితో కలిపి వినండి. మెల్లని కదలిక వినిపిస్తే సున్నా జారుతోందన్నమాట.

అపోహ: ఇన్‌పుట్ లేనప్పుడు సన్నని ఈల వినిపిస్తే మాడ్యూల్ చెడిపోయినట్టే.

అది క్యారియర్ లీకు. అనలాగ్ షిఫ్టర్లలో ఎంతో కొంత ఉంటుంది. కొన్నింట్లో ఇన్‌పుట్ ఆగగానే అవుట్‌పుట్‌ను మూసేసే స్క్వెల్చ్ ఉంటుంది. ధ్వని ఒక్కసారి మాత్రమే షిఫ్టర్ గుండా వెళ్ళే ప్యాచ్‌లో (మాడ్యూళ్ళ అమరికలో) 50 డెసిబెల్స్ కింద ఉన్న లీకు నన్ను బాధించదు. ఫీడ్‌బ్యాక్‌లో వాడేవాళ్ళు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. షిఫ్టర్ అవుట్‌పుట్‌ను డిలే (ధ్వనిని కాస్త ఆలస్యంగా వినిపించే మాడ్యూల్) గుండా తిప్పి మళ్ళీ దాని ఇన్‌పుట్‌కే ఇచ్చి, బయటి ధ్వని ఏదీ పంపకుండా ఫీడ్‌బ్యాక్‌ను నెమ్మదిగా పెంచండి. 100 పైకి జరుపుతుంటే, 100 హెర్ట్జ్ లీకు మొదటి చుట్టులో 200 అవుతుంది, తర్వాత 300, ఆ తర్వాత 400. మీరు వాయించకుండానే ఒక నాదం దానంతటదే పేరుకుంటుంది. ఫీడ్‌బ్యాక్ నాబ్ ఏ స్థానానికి చేరేసరికి ఆ నాదం వినబడుతోందో గుర్తుపెట్టుకోండి. రెండు మాడ్యూళ్ళను పోల్చేటప్పుడు నేను తయారీదారు ఇచ్చిన అంకెల కన్నా ఆ స్థానాన్నే ఎక్కువగా నమ్ముతాను.