ఇడ్లీకీ దోసెకీ పిండి ఒకటే

చిత్తూరులో నర్సుగా పనిచేసే ఒకావిడ అడిగారు: "గర్భాశయం, అండాశయం, కాన్పు అన్నీ బొమ్మలు వేసి మరీ చదువుకున్నాం. క్లిటోరిస్ దగ్గరికొచ్చేసరికి మా లెక్చరర్ 'ఇది మీరే చదువుకోండి' అని పేజీ తిప్పేశారు. అసలు దాని పనేంటండీ?"

సుఖాన్నివ్వడం. ఆడవాళ్ళలో మూత్రద్వారానికి పైన ఉండే ఈ అవయవానికి మూత్రంతో, కాన్పుతో పని లేదు. పేజీ తిప్పడానికి కారణం కూడా అదేనని నా అనుమానం. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి బయాలజీ పుస్తకం దాన్ని 'చిన్న వేలిలాంటి నిర్మాణం' అంటుంది. తిరుపతిలో నీట్ కోచింగ్ పిల్లలు ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపడతారు. బిట్ వస్తే మార్కు వస్తుంది. అంతటితో సరి.

నిజానికి బయటికి కనిపించేది కొస మాత్రమే. లోపల దాని కాండం వంగి, రెండు కాళ్ళుగా చీలి, కటి ఎముక అంచుల వెంబడి దిగుతుంది. యోనిద్వారానికి రెండు పక్కలా స్పాంజిలాంటి రెండు ఉబ్బులుంటాయి. మొత్తం సుమారు 9 నుంచి 11 సెంటీమీటర్లు. జర్మనీ శాస్త్రజ్ఞుడు కోబెల్ట్ 1844లోనే దీన్ని వివరంగా బొమ్మలు వేసి చూపించాడు. తర్వాత పాఠ్యపుస్తకాలు ఆ సంగతే వదిలేశాయి. 1998లో ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ మృతదేహాలను పరిశీలించి మళ్ళీ చూపించేదాకా అలాగే నడిచింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క పిండం దశలో ఉంది. కోస్తావాళ్ళు ఇడ్లీకి రవ్వ వేరే కలుపుతారు గానీ, మన చిత్తూరు వైపు రెంటికీ ఒకే పిండి. మొదటిరోజు ఇడ్లీ, పులిసిన మర్నాడు దోసె. ఎనిమిది వారాల పిండంలోనూ అంతే: ఒక బుడిపె, దాని కింద రెండు మడతలు, వాటికి అటూ ఇటూ రెండు ఉబ్బులు. బయటి అవయవాలు చూసి ఆడో మగో చెప్పలేం. వై క్రోమోజోమ్ మీది ఎస్ఆర్‌వై జన్యువు వృషణాలు తయారుచేయిస్తే, అవి టెస్టోస్టిరాన్ వదులుతాయి. అది డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారి పనిచేస్తే బుడిపె పురుషాంగం అవుతుంది, ఉబ్బులు కలిసి వృషణాల సంచి అవుతాయి. ఆ హార్మోను లేకపోతే బుడిపె క్లిటోరిస్, మడతలు లోపలి పెదవులు, ఉబ్బులు బయటి పెదవులు.

పిండి ఒకటే కాబట్టి ఉప్పూ ఒకటే, పులుపూ ఒకటే. ఉప్పు అంటే ఇక్కడ నరాలు, పులుపు అంటే రక్తంతో ఉబ్బే కణజాలం. దోసె పెనం మీద అందరికీ కనిపించేలా పరుచుకుంటుంది. ఇడ్లీ పాత్రకు మూత ఉంటుంది. మూత మీది గుండీని చూసి లోపల ఇడ్లీ అంతే ఉంటుందనుకుంటే ఎలా ఉంటుందో, ఆ 'చిన్న వేలు' వాక్యం అలా ఉంది.

ఉబ్బే పద్ధతీ ఒకటే. కోరిక కలిగినప్పుడు నరాల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, దాంతో కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే రసాయనం పెరుగుతుంది, నునుపు కండరం సడలుతుంది, రక్తం నిండుతుంది. పురుషాంగం చుట్టూ ఉన్న పొర మందం కాబట్టి సిరలు నొక్కుకుపోయి అది గట్టిపడుతుంది. క్లిటోరిస్‌లో ఆ పొర పల్చన, అందుకే ఉబ్బుతుంది గానీ అంత గట్టిపడదు. ఈ నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు నోబెల్ వచ్చింది 1998లో. దాని దారిలోనే పనిచేసే వయాగ్రాకు అమెరికాలో అనుమతి వచ్చిందీ 1998లో. ఓకానెల్ పేపరూ అదే ఏడు! మాత్ర మన ఊరి మెడికల్ షాపుదాకా వచ్చింది. పేపర్ మాత్రం మన క్లాసురూముకు రాలేదు.

దీని ఫలితం పడకగదిలో కనిపిస్తుంది. యోని లోపలి భాగంలో స్పర్శ తెలిపే నరాలు తక్కువ. చాలామంది ఆడవాళ్ళకు ఒక్క సంభోగంతోనే భావప్రాప్తి కలగదు. అది జబ్బు కాదు, లోపమూ కాదు. ఈ మాట తెలియని భార్య తనలోనే ఏదో తేడా ఉందని టెన్షన్ పడుతుంది, భర్తేమో గోడల మీద 'సెక్స్ సమస్యలకు' అని రాసిన నంబరుకు ఫోన్ చేస్తాడు. ఆ గోడరాతలన్నీ మగవాళ్ళకే, గమనించారా?

కూతురు సమర్తాడితే ఫ్లెక్సీ కట్టి ఊరంతా పిలిచి భోజనాలు పెడతాం. ఆ పిల్లకు తన ఒంట్లో ఏది ఎక్కడుందో చెప్పేవాళ్ళు ఆ పందిట్లో ఒక్కరుండరు. కన్నెపొర గురించిన మూఢనమ్మకం మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది. అత్యాచార కేసుల్లో బాధితురాలి యోనిలో వేళ్ళు పెట్టి చూసే 'రెండువేళ్ళ పరీక్ష'ను సుప్రీంకోర్టు 2013లోనూ 2022లోనూ తప్పుపట్టింది. ఆ పొరను చూసి ఎవరి గతమూ చెప్పలేం.

నర్సుగారికి ఇంకో ముక్క. క్లిటోరిస్‌లో 8,000 నరపోగులని చాలాకాలం చెప్పుకున్నారు. అది ఆవుల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చిన అంకె అంటారు. 2022లో అమెరికాలోని ఒరెగాన్‌లో శస్త్రవైద్యుడు బ్లెయిర్ పీటర్స్ బృందం మనుషుల కణజాలంలోనే లెక్కించింది. సగటున 10,000కు పైగా వచ్చాయి. మీ ఆపరేషన్ థియేటర్లో మూత్రనాళం దగ్గర కత్తి పెట్టే సర్జన్‌కు ఆ నరాలు ఏ దారిన వెళ్తాయో తెలిసుండాలి. మగవాళ్ళ ప్రోస్టేట్ ఆపరేషన్లో నరాలను కాపాడే పద్ధతి 1980లలోనే వచ్చింది. ఈసారి డాక్టరుగారిని అడగండి, ఇక్కడ ఏ నరాన్ని తప్పిస్తున్నారని.