పావురాలు, పిచ్చుకలు, పిండిపురుగులు: జాతుల మధ్య పోటీపై అపోహలు - వాస్తవాలు

ఏ జీవి సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అన్నదే నేను చదివిన చదువు, చేస్తున్న పని. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లకి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక శాశ్వత పదవి ఉంటుంది. బాల్కనీలో పావురం గుడ్డు పెట్టినా, సెల్లార్‌లో పాము కనిపించినా, పక్క చెరువు పచ్చగా మారినా మెసేజ్ మనకే. ప్రశ్న ఒక్కటే వస్తే బాగుండేది, దాని వెనకే తీర్పు కూడా వస్తుంది. "పావురాలు పిచ్చుకల్ని తరిమేశాయి కదా మేడం", "చెట్లు కొట్టేస్తే జింకలు ఇంకో అడవికి పోతాయిలెండి" లాంటివి. తరచూ వినేవాటికి ఒకచోట జవాబు రాసిపెడుతున్నాను.

అపోహ: పోటీ అంటే రెండు జాతులు కొట్టుకోవడం

వాస్తవం: కొట్లాట కనిపించకుండానే ఒక జాతి ఇంకోదాన్ని ఖాళీ చేయించగలదు. ఒకే తిండి తినే రెండు జాతులు ఏ గొడవా లేకుండా ఏళ్లతరబడి పక్కపక్కనే ఉండనూ గలవు. పోటీ ఉందో లేదో తేల్చేది కొరత. ఇద్దరికీ కావాల్సినది ఇద్దరికీ సరిపోనప్పుడే పోటీ మొదలవుతుంది. అందుకే ఎవరైనా "ఈ పిట్ట ఆ పిట్టకి పోటీనా?" అని అడిగితే నేను "దేనికి?" అని ఎదురు ప్రశ్న వేస్తాను.

చలికాలంలో అమీన్‌పూర్ చెరువు గట్టున బైనాక్యులర్‌తో ఓ గంట నిలబడండి. పొడుగు కాళ్ల స్టిల్ట్‌లు అంచున మోకాలి లోతులో పురుగుల్ని ఏరుకుంటుంటాయి. ఫ్లెమింగోలు వస్తే ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లని వడగట్టుకుంటాయి. నీటికాకులు మునిగి చేపని వెంటాడతాయి, పెలికాన్లు మునగకుండా పైనుంచే సంచిలోకి తోడుకుంటాయి. అన్నీ ఒకే చెరువు మీద బతుకుతున్నా, లోతును బట్టి, ముక్కును బట్టి ఎవరి వాటా వారిది. 1934లో గాజ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీన్నే గాజు గొట్టాల్లో చూపించాడు. పారమీషియం అనే ఏకకణ జీవుల్లో రెండు రకాలకి ఒకే తిండి పెడితే ఒకటి మిగిలింది, రెండోది అంతరించింది. అందులో ఓడినదాన్నే మూడో రకంతో కలిపితే మాత్రం రెండూ బతికాయి. ఎందుకంటే ఒకటి పైన తేలే బ్యాక్టీరియాను తింటే, ఇంకోటి అడుగున పేరుకున్న ఈస్ట్‌ను తిన్నది. అప్పటికి గాజ్ వయసు పాతికేళ్లు కూడా లేదు.

ఇక కొరత ఎంత విచిత్రమైన చోట ఉంటుందో చూడాలంటే పాలపిట్టను చూడాలి. దసరా రోజు అది కనిపించాలని ఊరంతా వెతుకుతుంది. కానీ మార్చి, ఏప్రిల్‌లో అది దేనికోసం తిరుగుతోందో ఎవరూ చూడరు. దానికి గూడు పెట్టుకోవడానికి తొర్ర కావాలి, తొర్ర తొలిచే ముక్కు దానికి లేదు. గోరింకదీ అదే పరిస్థితి. చిలుక ఉన్న తొర్రను కాస్త వెడల్పు చేసుకోగలదు, అంతే. తొలిచే పని చేసేవి వడ్రంగి పిట్ట, కంసాలి పిట్ట. అవి ఎండిన, మెత్తబడిన కొమ్మల్ని ఎంచుకుంటాయి. మనం కాలనీలో చేసేదేంటి? వానాకాలం ముందు ఎండు కొమ్మలన్నీ కొట్టించేస్తాం, మొండి తాటిచెట్టును పీకించేస్తాం. ఆ తర్వాత మిగిలిన ఒక్క తొర్ర దగ్గర గోరింకల జంట పాలపిట్టను పొడిచి తరుముతుంటే "గోరింకలు ఎంత దుర్మార్గమైనవో" అని వీడియో తీసి పెడతాం. తిండి ముగ్గురికీ ఉంది. లేనిది ఇల్లు. మనుషుల మీద పడే ప్రమాదం లేని ఎండు కొమ్మనైనా వదిలేయమని నేను ప్రతి అసోసియేషన్ మీటింగ్‌లోనూ అడుగుతూనే ఉంటాను.

అపోహ: పావురాల వల్లే పిచ్చుకలు పోయాయి

వాస్తవం: ఈ రెండింటి మధ్య పోటీ చాలా తక్కువ. ఇది అర్థం కావాలంటే పిల్లల్ని ఎలా పెంచుతాయో చూడాలి.

పిచ్చుక గింజలు తింటుంది కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకి గింజ అరగదు. మొదటి రోజుల్లో దానికి మెత్తని పురుగులు, గొంగళ్లు, చిన్న సాలీళ్లు పడాలి. అవి దొరకాలంటే దగ్గర్లో పొదలు, గడ్డి, మందు కొట్టని మొక్కలు ఉండాలి. పావురానికి ఈ బాధే లేదు. తల్లీతండ్రీ ఇద్దరి గొంతు సంచిలోనూ పెరుగులాంటి పదార్థం ఊరుతుంది, పిల్లకి మొదటి వారం అదే తిండి. అంటే పావురం జొన్నలు తిని, ఆ జొన్నల్నే పాలుగా మార్చి పిల్లని పెంచగలదు. పురుగులు ఉన్నాయా లేవా అన్నది దానికి అనవసరం. మోజంజాహీ మార్కెట్ దగ్గర మనం పోసే జొన్నలు నేరుగా పావురం పిల్లలవుతాయి. అవే జొన్నలు ఎన్ని పోసినా ఒక్క పిచ్చుక పిల్ల కూడా పెరగదు.

గూటి విషయంలోనూ అంతే. పావురం కొండ చరియల పిట్ట. ఏసీ డబ్బా వెనక సందు, డక్ట్, లిఫ్ట్ గది చూరు దాని కళ్లకి చరియలే. పిచ్చుకకి కావాల్సింది పెంకుటింటి కంత, గోడలో చిన్న బొక్క. గాజు అద్దాలు బిగించిన కొత్త బిల్డింగ్‌లో పావురానికి అంచు దొరుకుతుంది, పిచ్చుకకి కంత దొరకదు. ఒకే మార్పు ఒకదానికి కలిసొచ్చింది, ఇంకోదానికి నష్టమైంది. దాన్ని మనం ఒకటి ఇంకోదాన్ని తరిమినట్టు చదువుకున్నాం.

పైగా పిచ్చుకలు దేశమంతా మాయమైపోయాయన్నది కూడా నిజం కాదు. 2020లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద వాటి సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో. సెల్ టవర్ల మీద నెపం వేసేవాళ్లకి ఆ నివేదికలో దొరికే ఆధారం ఏమీ లేదు. పిచ్చుకల దినోత్సవమని మార్చి 20న చెక్క గూళ్లు పంచడం మంచిదే. కాకపోతే ఆ గూటికి కూతవేటు దూరంలో ఓ పొద కూడా లేకపోతే, అది ఫొటోకి మాత్రమే పనికొస్తుంది.

అపోహ: పావురాల్ని పట్టి దూరంగా వదిలేస్తే బెడద తీరుతుంది

వాస్తవం: మొదటి ఇబ్బంది, వదిలిన మనిషి కన్నా ముందే అవి ఇంటికి చేరడం. ఉత్తరాలు మోయించిన పిట్టకి దారి మరిపించాలనుకోవడం మన అమాయకత్వం.

చంపినా లాభం లేదని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం పెద్ద ఖర్చు పెట్టి తెలుసుకుంది. అక్కడ 1961 నుంచి 1985 దాకా దాదాపు లక్ష పావురాల్ని చంపారు. ఊళ్లో పావురాల సంఖ్య మాత్రం 20 వేల దగ్గరే నిలబడింది. దీని వెనక ఉన్న లెక్క మా రంగంలో అన్నిటికన్నా పాతది. గుంపు పెద్దదయ్యేకొద్దీ తలా ఒక్కరికి దొరికే తిండి తగ్గి, పుట్టినవాటిలో చాలా పిల్లలు ఏడాది నిండకుండానే చనిపోతాయి. మనం పెద్దవాటిని తీసేస్తే ఆ తిండి ఈ పిల్లలకి దొరికి, చావాల్సినవి బతుకుతాయి. పావురం ఒక్కో ఈతకి పెట్టేది రెండు గుడ్లే. కానీ ఈ పిల్లలు గూడు దాటకముందే తర్వాతి గుడ్లు పెట్టేస్తుంది కాబట్టి ఖాళీ పూడటానికి ఎక్కువ కాలం పట్టదు.

1988లో బాసెల్ దారి మార్చింది. తిండి వేయొద్దని జనానికి గట్టిగా ప్రచారం చేసి, కొన్ని గూళ్లు మాత్రం ఏర్పాటు చేసి వాటిలో గుడ్లు తీసేశారు. నాలుగైదేళ్లలో సంఖ్య సుమారు సగానికి దిగింది. మన దగ్గర గింజలు వేయడం వెనక భక్తి ఉంది, పుణ్యం మీద నమ్మకం ఉంది. దాన్ని ఎగతాళి చేస్తే ఎవరూ వినరు, చేయాల్సిన అవసరమూ లేదు. కానీ పావురాల రెట్ట వల్ల ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్లు ఉన్న ఇంట్లో, కింద గింజలు పోస్తూ పైన నెట్ కొట్టించడం రెండు చేతులా డబ్బు పారేసుకోవడమే.

అపోహ: ఎప్పుడైనా బలమైన జాతే గెలుస్తుంది

వాస్తవం: ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పకుండా బలమైన జాతి అన్న మాటకి అర్థం లేదు. దీనికి నాకు తెలిసిన అతి చక్కని రుజువు మన వంటింట్లోనే ఉంది.

గోధుమ పిండి జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలే ఎర్రటి పురుగును ఓసారి పారేయకుండా తెల్ల కాగితం మీద వేసి, భూతద్దంతో మీసాలు చూడండి. చివరి మూడు కణుపులు ఉన్నట్టుండి గుండ్రంగా ఉబ్బి ఉంటే అది ట్రైబోలియం కాస్టేనియం. మన వేడిలో దొరికేది చాలావరకు ఇదే. దీనికి అచ్చం ఇలాంటి అన్నదమ్ముడు ఒకడున్నాడు, ట్రైబోలియం కన్‌ఫ్యూజం. వాడి మీసం మొదలు నుంచి కొస దాకా మెల్లమెల్లగా లావెక్కుతుంది. రెండూ అదే పిండి తింటాయి, అందులోనే గుడ్లు పెడతాయి, ఆకలేస్తే తమవీ పరాయివీ అని చూడకుండా గుడ్లు కూడా తినేస్తాయి.

షికాగోలో థామస్ పార్క్ ఈ రెండింటినీ పిండి సీసాల్లో కలిపి వేసి ఏళ్లతరబడి లెక్కపెట్టాడు. 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న సీసాల్లో ప్రతిసారీ మొదటిదే మిగిలింది. 24 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్నచోట ప్రతిసారీ రెండోదే. పిండి అదే, పురుగులు అవే, వాతావరణం మారేసరికి ఫలితం తిరగబడింది. మధ్యస్థంగా 29 డిగ్రీలు, 70 శాతం తేమలో పెడితే మొదటిది నూటికి 86 సార్లు గెలిచింది, మిగతా 14 సార్లు ఓడింది. ఏ సీసాలో ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం కుదరలేదు. నాకు మాత్రం ఈ 14 అంటేనే ఎక్కువ ఇష్టం. విద్యార్థులు మాత్రం దీన్ని ప్రయోగంలో లోపం అనుకుంటారు.

పార్క్ 1948లో అచ్చువేసిన ఫలితం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ సీసాల్లో ఎడెలైనా అనే పరాన్నజీవి ఉంది. అది ఉన్నప్పుడు 74 సీసాల్లో 66 కన్‌ఫ్యూజంవి. దాన్ని తీసేస్తే 18 సీసాల్లో 12 కాస్టేనియం గెలిచింది. కంటికి కనిపించని మూడోవాడు ఇద్దరి పోటీ ఫలితాన్ని మార్చేశాడు.

అపోహ: అడవి కొట్టేస్తే జంతువులు పక్క అడవికి పోతాయి

వాస్తవం: పక్క అడవి ఖాళీగా ఉంటే కదా! అక్కడి గడ్డి ఎన్ని జింకలకి సరిపోతుందో, సాధారణంగా దాదాపు అన్ని జింకలు అప్పటికే అక్కడ ఉంటాయి.

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో ఈ మాట చాలామంది నోట విన్నాను. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోపు సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. అక్కడి చుక్కల జింకకి నాలుగు వైపులా ఉన్నవి రోడ్లు, గోడలు, కుక్కలు. దాటుకుని ఏదో ఒక పచ్చని ముక్కలోకి చేరిందే అనుకుందాం, అక్కడి గడ్డిని రెండు గుంపులు పంచుకోవాలి. తలా కాస్త తగ్గుతుంది. అలా తగ్గితే ఏమవుతుందో అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ దీవి చూపించింది. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలారు. తోడేళ్లు లేవు, మేత దండిగా ఉంది, 1963కల్లా 6,000 అయ్యాయి. మేతంతా అయిపోయాక ఒక్క గడ్డు చలికాలం వచ్చింది. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42.

అపోహ: ఒక జాతి పోతే ఇంకోటి వచ్చి ఆ పని చేస్తుంది, నష్టం లేదు

వాస్తవం: ఖాళీ పూడుతుంది కానీ పని జరగదు. 1990లలో మన రాబందులు కుప్పకూలాయి. కారణం పశువులకి వాడే డైక్లోఫినాక్ అని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఈలోపు తెల్లవీపు రాబందుల్లో నూటికి 99కి పైగా పోయాయి. కళేబరాలు కుక్కలకి మిగిలాయి. 1992 నుంచి 2003 మధ్య దేశంలో కుక్కలు 50 లక్షలకి పైగా పెరిగాయని ఒక అంచనా. రాబందుల గుంపు ఒక గొడ్డును గంటలోపే ఎముకలు మిగిల్చి లేచేది. కుక్క అంత తినలేదు, మిగతాది కుళ్లుతుంది, పైగా రేబిస్ మోస్తుంది. తెలంగాణలో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టిన చోటు బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట. మన జూ పార్కులో రాబందుల పెంపకం కేంద్రం ఉందని నగరంలో చాలామందికి తెలియదు.

అపోహ: గుర్రపు డెక్కను ఒకసారి పూర్తిగా తీయిస్తే చెరువు బాగుపడుతుంది

వాస్తవం: మామూలు మొక్కల్ని నైట్రోజన్, ఫాస్ఫరస్ కొరత అదుపులో ఉంచుతుంది. మురుగు కలిసిన చెరువులో ఆ కొరతే లేదు. అలాంటప్పుడు నీటి పైన వెలుతురును ఎవరు ముందు ఆక్రమిస్తే వారిదే చెరువు, ఆ పందెంలో గుర్రపు డెక్కను మించినది లేదు. రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు. యంత్రం పెట్టి తీయించినా విత్తనాలు అడుగు బురదలో పదిహేనేళ్లకి పైగా బతికి ఉంటాయి. 1980లలో బెంగళూరు చెరువుల్లో వదిలిన ముక్కు పురుగులు దీన్ని బాగానే అణిచాయి. అయితే మురుగు మరీ ఎక్కువైన చోట పురుగు కొరికే వేగం కన్నా మొక్క పెరిగే వేగమే ఎక్కువ. కాబట్టి ముందు పని మురుగు మళ్లించడం. అది అయ్యేదాకా దోమల బెడద తగ్గడానికైనా డెక్కను తీయించాల్సిందే, మాన్సోనియా దోమ పిల్లలు దీని వేళ్లకి గుచ్చుకుని గాలి పీల్చుకుంటాయి. తీసినదాన్ని మాత్రం గట్టు మీద కుప్ప పోయనివ్వకండి. మొదటి వానకే కుళ్లి, అందులోని ఎరువంతా తిరిగి చెరువులోకి దిగుతుంది. లారీ ఎక్కించి కంపోస్టుకి పంపే దాకా కాంట్రాక్టర్ బిల్లు మీద సంతకం పెట్టొద్దు.