వీధికుక్కల లెక్కలో ఇంటి కుక్క

నల్గొండ గడియారం సెంటర్‌లో టీ తాగుతుంటే పాత విద్యార్థి ఒకడు పట్టుకున్నాడు. ఇంటర్లో నా దగ్గర జంతుశాస్త్రం చదివాడు, ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. "సార్, మా కాలనీలో నిరుడు వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేశారు. మళ్లీ వేస్తామని ఇప్పుడు తిరుగుతున్నారు. నిరుడు వేసిన టీకా ఏమైనట్టు సార్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, "మందులో నీళ్లు కలిపి ఉంటారు" అని జవాబు కూడా తనే ఇచ్చుకున్నాడు.

మందులో కాదు, కుక్కల్లోనే నీళ్లు కలుస్తున్నాయి అన్నాను. ముసలాయనకు మతి తప్పిందేమో అన్నట్టు చూశాడు. టీ చల్లారేదాకా వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మా పాఠ్యపుస్తకంలో రేబిస్‌కు దక్కిన చోటు రెండు వాక్యాలు. వైరస్ వల్ల వస్తుంది, పిచ్చికుక్క కాటుతో వ్యాపిస్తుంది. ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనక ఎంత చక్కని లెక్క దాగి ఉందో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా నాకు తెలియలేదు. ఉద్యోగం వదిలాకే తెలిసింది.

ముందుగా ఒక చిన్న సంఖ్య. అంటురోగం ఏదైనా, ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్నది దాని బలం. పిల్లలకొచ్చే తట్టుకు అది పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా ఉంటుంది. అంత భయపెట్టే రేబిస్‌కు? రెండుకు లోపే. పిచ్చెత్తిన కుక్క కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. ఆ కొద్ది రోజుల్లో అది కరిచిన ప్రతి కుక్కకూ రోగం రాదు. లెక్క కోసం ఒకటిన్నర అనుకుందాం. రోగం వ్యాపించకుండా ఆగాలంటే ఆ ఒకటిన్నర ఒకటికి దిగాలి, అంటే మూడో వంతు తగ్గితే చాలు. నూరు కుక్కల్లో ముప్పై మూడింటికి టీకా వేస్తే పని అయిపోవాలి.

కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ డెబ్బై శాతం కుక్కలకు వేయమంటుంది. ముప్పై మూడు చాలినప్పుడు డెబ్బై ఎందుకు? నా తరగతిలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆ ఏడాది వాళ్లకు పరీక్ష లేకుండానే నూటికి నూరు వేసేవాణ్ణి. అయితే జవాబు నాకే తెలియదు కాబట్టి ఎవరూ అడగకపోవడమే మంచిదైంది.

ఇంటి ముందు నీళ్ల తొట్టిని ఊహించుకోండి. కొళాయి సన్నగా పారుతూనే ఉంది, తొట్టి నిండి అంచు మీంచి పొర్లుతూనే ఉంది. అందులో ఉప్పు కలిపారు. గంట తర్వాత రుచి చూస్తే చప్పబడి ఉంటుంది. ఉప్పు ఎవరూ దొంగిలించలేదు. పొర్లిన ప్రతి చెంబు నీళ్లతోనూ కాస్త ఉప్పు పోయింది, దాని స్థానంలో వచ్చిన చెంబు నీళ్లు మంచినీళ్లు. ఫ్లోరైడు పుణ్యమా అని ఏ బిందెలో ఏం కలిసిందో చూసుకుంటూ బతికిన జిల్లా మనది. నీళ్ల లెక్క నల్గొండ వాళ్లకు ఒకరు నేర్పనక్కరలేదు.

మీ కాలనీయే ఆ తొట్టి. ఉప్పు టీకా. పొర్లిపోయే నీళ్లు చచ్చిపోయే కుక్కలు, కొళాయి నీళ్లు కొత్తగా పుట్టేవీ కొత్తగా వచ్చి చేరేవీ. వీధికుక్క బతుకు చాలా చిన్నది. లారీల కింద, రోగాలతో, ఎండలతో పోతూనే ఉంటాయి. కాలనీలో నూరు కుక్కలున్నాయి, ఏడాదిలో నలభై పోతున్నాయి, నలభై కొత్తవి వస్తున్నాయి అనుకుందాం. ఎవరు లెక్కపెట్టినా ఎప్పుడూ నూరే కనిపిస్తాయి కాబట్టి, "అవే కుక్కలు" అనుకుంటాం. అవే కావు. నిరుడు డెబ్బైకి టీకా వేస్తే ఈ ఏడాదికి అందులో మిగిలేవి నలభై రెండు. ముప్పై మూడు గీతకు ఇంకా పైనే ఉన్నాం, ఊపిరి పీల్చుకోవచ్చు. వచ్చే ఏడాదికి ఇరవై ఐదు. గీత దాటి కిందికి జారాం. మొదటిసారి యాభైకే వేసి చేతులు దులుపుకుని ఉంటే? ఏడాది తిరిగేసరికి ముప్పై, అంటే అప్పటికే మునిగాం. డెబ్బై అన్న సంఖ్య గుట్టు ఇదే. అది ఈ రోజుకు కావలసినది కాదు, ఏడాది పొడవునా కారినా గీత పైన మిగలడానికి ముందే పోసిపెట్టుకున్నది.

ఇప్పుడు కొళాయిని కాస్త కట్టేద్దాం. కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేస్తే పుట్టేవి తగ్గుతాయి, ఉన్నవి ఎక్కువ కాలం బతుకుతాయి. ఏడాదికి నలభై బదులు ఇరవయ్యే మారుతున్నాయనుకోండి. అదే డెబ్బై మొదటి ఏడాదికి యాభై ఆరు, రెండో ఏడాదికి నలభై ఐదు, మూడో ఏడాదికి ముప్పై ఆరు. టీకా పట్టు కూడా అంతకాలం నిలిచిందనుకుంటే, ఒక్కసారి చేసిన పని మూడేళ్లు గీత పైన నిలబెడుతుంది. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉన్న వీధికుక్కను చూశారా? అది శస్త్రచికిత్స అయిందనడానికి గుర్తు. కోడిపుంజు కరిచిందనో దిష్టి తీశారనో చెప్పేవాళ్లు మా వీధిలో ఉన్నారు.

మరి తొట్టి మొత్తం ఒంపేస్తే? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట ఎవరో వచ్చి దాదాపు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపారు. క్రూరత్వం సంగతి అలా ఉంచండి, లెక్కగా చూసినా అది తెలివితక్కువ పని. తొట్టి సగం ఒంపితే నీళ్లతో పాటు ఉప్పూ సగం పోతుంది, కొళాయి మాత్రం పారుతూనే ఉంటుంది. తొట్టి అంచు ఎత్తును నిర్ణయించేది ఆ వీధిలో దొరికే తిండి. చికెన్ సెంటర్ వెనక పారబోసే పేగులు, ఫంక్షన్ హాలు గోడ పక్క విస్తళ్లు, హోటల్ మిగులు బిర్యానీ అక్కడే ఉన్నంతకాలం, ఖాళీ అయిన చోటుకు పక్క వీధి కుక్కలు దిగుతాయి. అవి ఉప్పులేని నీళ్లు. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పడం వెనక ఉన్న శాస్త్రం ఇది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెల 22న ఆ ఆదేశాన్ని మార్చి, పిచ్చిపట్టినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని టీకాలు వేసి పాత చోటే వదలమంది.

ఇంతవరకు చెప్పాక నా విద్యార్థి, "అంటే తప్పంతా వీధికుక్కలదే కదా సార్, అవి ఆగకుండా పిల్లలు పెడతాయి" అన్నాడు. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది.

"చిత్తకార్తె కుక్కలు" అని తిట్టని తెలుగువాడుండడు. అక్టోబరు రెండో వారంలో చిత్తకార్తె వస్తుంది. వీధికుక్కలు ఎక్కువగా జతకట్టేది ఆ రోజుల్లోనే అని రైతు పంచాంగం ఏ పరిశోధనా లేకుండా కనిపెట్టింది. కుక్క గర్భకాలం దాదాపు అరవై మూడు రోజులు. కూడి చూడండి: డిసెంబరు మధ్య. ధనుర్మాసం ముగ్గుల పక్కన, ఇసుక కుప్పల మీద కళ్లు తెరవని కుక్కపిల్లలు కనిపించేది అందుకే. ఒక్కో ఈతలో నాలుగు, ఐదు, ఆరు.

కానీ అవన్నీ ఏమవుతున్నాయి? పశ్చిమ బెంగాల్‌లో శాస్త్రవేత్తలు వీధికుక్కల పిల్లలను పుట్టినప్పటి నుంచీ వెంబడించి చూస్తే, ఏడు నెలల వయసు దాకా బతికినవి ఐదింటిలో ఒక్కటే. నాలుగు పోయాయి, ఎక్కువ చావులకు కారణం మనుషులే. అంటే వీధి ఒక జల్లెడ, చాలా కఠినమైన జల్లెడ. ఐదు పోస్తే ఒకటి దాటుతుంది.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఒక కుక్కపిల్లను ఇంటికి తెస్తారు, లేదా నాన్న హైదరాబాద్ నుంచి ఒక పమేరియన్ పిల్లను కొనుక్కొస్తాడు. పాలు, పెరుగన్నం, ఫొటోలు. ఏడెనిమిది నెలలు గడిచేసరికి ఆడకుక్క తొలిసారి ఎదకు వస్తుంది. గచ్చు మీద రక్తపు చుక్కలు, గేటు ముందు మగకుక్కల కొట్లాట, ఇంట్లో మడి గొడవ. "పొలం దగ్గర వదిలేస్తే అదే బతుకుతుంది" అని ఒక రాత్రి బండి మీద తీసుకెళ్లి వదిలేస్తారు. వీధి జల్లెడ ఐదింటిలో నాలుగింటిని మింగే ఆ ఏడు నెలలూ మనం ఇంట్లో పెట్టుకుని కాపాడి, పిల్లలు పెట్టే వయసు రాగానే, సరిగ్గా ఆ వారంలోనే, జల్లెడ అవతల దింపుతున్నాం. కొత్తచోట తొలి నెల గడిచిందంటే, ఇలా వదిలిన ఒక ఇంటి కుక్క వీధిలో పుట్టిన ఐదు పిల్లలకు సమానం. కాలనీలో ఏడాదికి నాలుగిళ్ల వాళ్లు ఇలా చేస్తే, ఇరవై పిల్లలు కొత్తగా పుట్టినట్టే. వీధికుక్కల ఈతలు కొళాయి అయితే, మన గేట్లు తొట్టిలోకి తిప్పిన మోటారు పైపు.

పైగా వాటిలో ఉప్పు ఉండదు. "మా కుక్క గేటు దాటదు సార్, దానికి టీకా ఎందుకు?" అన్న మాట నేను ఎన్ని వరండాల్లో విన్నానో! మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి. వెయ్యి రూపాయల బెల్టు కొన్నవాళ్లకు ఇది బరువు కాదు. శనివారం శనిదోషం పోవాలని నల్లకుక్కకు రొట్టె పెట్టి, ఆదివారం దాని మీదే రాయి విసిరే ఊళ్లో టీకాకు ముహూర్తం కుదరదు, అంతే.

టీకా లేని ఆ నోరు కరిస్తే లోపల జరిగేది చూడండి. రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది, దాని జన్యుసామగ్రి మొత్తంలో ఉన్నవి ఐదు ప్రోటీన్ల తయారీకి సరిపడా పాఠాలే. పైన కొవ్వు పొర, దాని మీద ముళ్లలా గ్లైకోప్రోటీన్. కండరం, నరం కలిసే చోట, నరం పంపే రసాయన సందేశాన్ని అందుకునే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలుంటాయి. కట్లపాము జాతి విషం వెళ్లి అంటుకునేది కూడా వీటికే. వైరస్ ముల్లులో ఒక ముక్క ఆ విషపు ప్రోటీన్‌ను పోలి ఉంటుంది. పాము నేర్చిన తాళంచెవే వైరస్ దగ్గరా ఉందన్నమాట. నరం కొసలోకి దూరాక అది ఈదదు. నరం పొడవునా పరచి ఉన్న సూక్ష్మనాళికల పట్టాల మీద డైనీన్ అనే మోటారు ప్రోటీన్ మెదడు వైపు సరుకు లాగుతుంటుంది, వైరస్ ఆ బండి ఎక్కుతుంది. రోజుకు ఐదు నుంచి పది సెంటీమీటర్ల వేగం. రక్తంలో తిరిగితే రోగనిరోధక కణాలు పట్టుకునేవి, నరంలో వాటి కాపలా పలుచన. సాధారణంగా రెండు మూడు నెలలకు లక్షణాలు మొదలవుతాయి, అప్పుడు ఏ మందూ నిలబడదు. మెదడు నుంచి తిరుగు ప్రయాణంలో లాలాజల గ్రంథులకు చేరుతుంది. నీళ్లు చూడగానే గొంతు కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువులో వచ్చే శబ్దాన్నే మన వాళ్లు "కుక్కలా మొరుగుతున్నాడు" అంటారు. కుక్క కరిచినవాడి కడుపులో కుక్కపిల్లలు పడతాయంటారు. పడవు, మంత్రం వేసినా పడవు.

కొవ్వు పొర అన్నాను గదా, దానికి శత్రువు సబ్బు. కాటును ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను. మనం సాధారణంగా కడిగేది ఒక నిమిషం. కారం, సున్నం, పసరు రాయకూడదు. ఆ వెంటనే ఆసుపత్రికి. చర్మానికి వేసే టీకా అదే రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చర్మం చీరి రక్తం వచ్చిందంటే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్, అంటే ముందే తయారుచేసి ఉంచిన ప్రతిరక్షకాల మందు కూడా ఇవ్వాలి, ఎందుకంటే టీకా వల్ల మన ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవడానికి వారం పైనే పడుతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందును మన దేశం ఇరవై ఏళ్ల కిందటే ఆపేసింది. "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అన్న సామెతలో చెప్పు తీసి సబ్బు పెట్టమని తరగతిలో చెబితే పిల్లలు నవ్వేవారు. నవ్విన వాళ్లు మర్చిపోరు.

దసరా ముందు ఒక సాయంత్రం పానగల్ వైపు నడకకు వెళ్లాను. ఉదయసముద్రం కట్ట దగ్గర తెల్లని పమేరియన్ ఒకటి, మెడకు ఎర్ర బెల్టు, బెల్టుకు గజ్జె. ఎవరో విసిరిన బిర్యానీ కవరు ముందుంది. దాన్ని చింపడం దానికి తెలియదు, పైపైన నాకుతోంది. వీధికుక్కకైతే అది పంటితో ఒక్క లాగుడు. ఎందుకో నోటికొచ్చి "సిట్" అన్నాను. టక్కున కూర్చుంది. మన ఇళ్లలో కుక్కలతో ఇంగ్లీషే మాట్లాడతారు గదా. "ఛీ, పో" అంటే మాత్రం దానికి అర్థం కాలేదు, తోక ఊపింది.

నిన్న అదే కుక్కను రామగిరిలో చూశాను, నాలుగు మగకుక్కల మధ్య. తెల్ల బొచ్చు మట్టిరంగుకు తిరిగింది, గజ్జె ఊడిపోయింది, బెల్టు ఉంది. కవరు చింపడం నేర్చుకున్నట్టుంది, మూతికి పసుపు అంటి ఉంది. కడుపు కిందికి దిగింది. చిత్తకార్తె నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాను. ధనుర్మాసం మొదటి వారం.