ఎంబీబీఎస్‌లోంచి సాహిత్యం ఎలా పోయింది, ఎలా తిరిగొచ్చింది

ఈమధ్య ఒక ఎంబీబీఎస్ ఫస్టియర్ అబ్బాయి లాగ్‌బుక్ తిరగేశాను. అనాటమీ, ఫిజియాలజీ పేజీలు అయిపోయాక 'డాక్టర్ అంటే ఏమిటి', 'పేషెంట్ అంటే ఏమిటి', 'శవమే మన మొదటి గురువు' అని కొన్ని శీర్షికలు, ఒక్కోదాని కింద అర పేజీ రాత, పక్కన మేడమ్‌గారి సంతకం. దీన్నే ఎట్‌కామ్ అంటారు. యాటిట్యూడ్, ఎథిక్స్, కమ్యూనికేషన్ మూడూ కలిపి కుట్టిన పేరు. "అసలే సిలబస్ అవ్వట్లేదండీ, మధ్యలో ఇదొకటి" అని గొణిగాడు. తప్పు అతనిది కాదు. ఆ అర పేజీ వెనక, డాక్టరుకి సైన్సొక్కటే చాలా అన్న నూరేళ్ళకు పైబడిన గొడవ ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

గొడవ అమెరికాలో మొదలైంది. కార్నెగీ ఫౌండేషన్ పంపితే అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన అమెరికా, కెనడాల్లో ఉన్న 155 మెడికల్ కాలేజీల మీద 1910లో రిపోర్టు ఇచ్చాడు. వాటిలో చాలావరకు ల్యాబు లేనివి, ఆస్పత్రి లేనివి, ఫీజు కడితే చాలు పట్టా చేతిలో పెట్టేవి. రిపోర్టు దెబ్బకి అలాంటివి వరసగా మూతపడ్డాయి, వాటితోపాటు నల్లజాతివాళ్ళ కోసం నడుస్తున్న ఏడు కాలేజీల్లో ఐదు కూడా పోయాయి, ఆ లోటు వాళ్ళకి ఎంత కాలం తగిలిందో వేరే చెప్పాలి. మిగిలిన కాలేజీల్లో మొదటి రెండేళ్ళు ల్యాబు, తర్వాత రెండేళ్ళు వార్డు అన్న పద్ధతి స్థిరపడింది. తమాషా ఏమిటంటే ఫ్లెక్స్‌నర్ డాక్టరే కాదు. గ్రీకు, లాటిన్ చదువుకుని, సొంతంగా బడి నడిపిన పంతులు. డాక్టరయ్యే కుర్రాడికి ఆ చదువు ఎలాగూ ముందే వచ్చి ఉంటుందిలే అనుకున్నాడేమో! 1925కల్లా అమెరికా వైద్యంలో సంస్కృతీ తత్త్వచింతనా మరీ కొరవడ్డాయని తనే వాపోయాడు.

ఆ కాలంలోనే మరో పెద్ద డాక్టర్ విలియం ఆస్లర్ పడుకునే ముందు ఓ అరగంట మంచి పుస్తకం చదవమని విద్యార్థులకు చెప్పేవాడు, ఏవి చదవాలో జాబితా కూడా ఇచ్చాడు. హార్వర్డ్‌లో ఫ్రాన్సిస్ పీబాడీ ఇచ్చిన ఉపన్యాసం 1927లో అచ్చయింది. రోగిని బాగా చూసుకోవడంలోని రహస్యమల్లా ఆ రోగి అంటే మనకు పట్టింపు ఉండటమే, అన్నది అందులోని సారం. అదే ఏడాది ఆయన క్యాన్సర్‌తో పోయాడు. ఆ మాట ఇప్పటికీ స్నాతకోత్సవాల్లో వినిపిస్తూనే ఉంటుంది, టైమ్‌టేబుల్లో మాత్రం కనపడదు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. ఎథిక్స్ క్లాసు పెడితే డాక్టర్లు మంచివాళ్ళైపోతారని నమ్మేవాళ్ళు 1939 నాటి జర్మనీని చూడాలి. నాజీ ప్రభుత్వం అప్పుడు అక్కడి మెడికల్ కాలేజీల్లో వైద్యనీతి పాఠాలను తప్పనిసరి చేసింది. పాఠం ఉంది, పంతులూ ఉన్నాడు, కాకపోతే ఏ ప్రాణం విలువైనదో ఏది కాదో చెప్పడం ఆ పాఠంలోనే ఉంది. ఆ తరం డాక్టర్లలో కొందరు యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్‌లో యుద్ధ నేరాల విచారణ బోనులో నిలబడ్డారు. కాబట్టి పాఠం ఉందా లేదా అని అడిగితే సరిపోదు, అందులో ఏముంది, ప్రశ్న అడిగే హక్కు ఎవరికుంది అని కూడా చూడాలి. సాహిత్యం, చరిత్ర కావాలని నేననేది అందుకే. అవి నీతి బోధిస్తాయని కాదు, అవతలివాడి వైపు నుంచి కథ ఎలా ఉంటుందో చూపిస్తాయని.

మన బేగంపేటనే తీసుకోండి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఇక్కడే దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ పట్టుకున్నాడు, ఆ ఆనందంలో పద్యం కూడా రాసుకున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకు రక్తమిచ్చిన మలేరియా రోగి పేరు హుసేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకి ఒక అణా కూలి. రాస్ పేరు బయాలజీలో బిట్టుగా వస్తుంది. హుసేన్ ఖాన్ ఏమనుకున్నాడు, ఒప్పుకునే కుట్టించుకున్నాడా, జ్వరంలో ఉన్నవాడికి ఆ అణాలు ఎంత అవసరం అన్న ప్రశ్నలు ఏ పేపర్లోనూ రావు.

ఇక తిరిగి రావడం సంగతి. అమెరికాలో 1967లో మొదలైన పెన్ స్టేట్ మెడికల్ కాలేజీ, తొలి నుంచే హ్యుమానిటీస్‌కి, అంటే సాహిత్యం, చరిత్ర, తత్త్వం వంటివాటికి, ఒక విభాగాన్ని పెట్టుకుంది. ఒక మెడికల్ కాలేజీలో అలాంటి విభాగం రావడం అదే మొదలు. 1993లో బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ సిలబస్ బరువు తగ్గించి విద్యార్థి ఎంచుకునే పాఠాలకు చోటిచ్చింది, సాహిత్యం, కళలు ఆ సందులోంచి దూరాయి. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో వైద్య విద్యార్థులను మ్యూజియానికి తీసుకెళ్ళి బొమ్మ ముందు నిలబెట్టి, కనిపించేదంతా చెప్పమన్నారు. అలా చూడటం అలవాటైనవాళ్ళు రోగి ఫోటోల్లోనూ ఎక్కువ వివరాలు పట్టుకున్నారని 2001లో ప్రచురించారు. 2009లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ కాలేజీ నుంచి వచ్చిన అధ్యయనం అన్నిటికంటే కలవరపెట్టేది. విద్యార్థుల్లో సహానుభూతి మూడో ఏడాదిలో పడిపోతోందట. మూడో ఏడాదంటే వాళ్ళు వార్డులోకి అడుగుపెట్టే ఏడాది.

మన దగ్గర 1946లోనే, దేశ ఆరోగ్య వ్యవస్థ మీద రిపోర్టు ఇచ్చిన భోర్ కమిటీ 'సోషల్ ఫిజీషియన్' కావాలంది. రోగి ఇల్లూ వాకిలీ తెలిసిన డాక్టరన్నమాట. ఆ ఆలోచన చివరికి పీఎస్ఎం (ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్) అనే సబ్జెక్టుగా మారి, మురుగునీటి శుద్ధి బొమ్మలు బట్టీ కొట్టడం దాకా వచ్చింది. 2009లో ఢిల్లీలోని యూసీఎంఎస్ మెడికల్ కాలేజీలో కొందరు అధ్యాపకులు మెడికల్ హ్యుమానిటీస్ గ్రూపు పెట్టి నాటకాలు వేయించారు. చూసేవాళ్ళు కూడా లేచి వచ్చి కథ మార్చే రకం నాటకాలు. 2018లో మెడికల్ కౌన్సిల్ ఎట్‌కామ్ తెచ్చింది. 2019 బ్యాచ్‌కి కొత్త సిలబస్, మొదట్లో నెల రోజుల ఫౌండేషన్ కోర్సు, 175 గంటలు. అందులో స్థానిక భాష కూడా ఉంది. తర్వాతి బ్యాచ్‌లకి ఆ నెల కుంచించుకుపోయింది. ఎట్‌కామ్‌కి 75 శాతం హాజరు తప్పనిసరి చేశారు, మోడల్ ఆన్సర్లతో గైడ్లూ వచ్చేశాయి.

అసలు ఆ సీట్లోకి వచ్చేదెలా? నీట్‌లో 720 మార్కులు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్ప ఇంకేం లేదు. ఇంటర్ బైపీసీలో సెకండ్ లాంగ్వేజ్ అంటారా, మార్కులొస్తాయని చాలామందికి సంస్కృతం ఇప్పిస్తారు. అంటే పదో తరగతితోనే తెలుగు పుస్తకం మూసేసిన పిల్లలు, తెలుగు తప్ప ఇంకోటి రాని ఓపీ లైను ముందు కూర్చుంటున్నారు.

ఆ లాగ్‌బుక్ అబ్బాయే చెప్పాడు. వాళ్ళ క్లాసులో ఆలిండియా కోటాలో వచ్చిన రాజస్థాన్ అమ్మాయి ఒకావిడ ఉంది. చిన్న నోటుబుక్కు పెట్టుకుని వార్డులో విన్న ప్రతి మాటా రాసుకుంటుందట. గుండె దడ, కళ్ళు తిరగడం, తిమ్మిర్లు, నీరసం, ఇలా. ఒకరోజు ఓ పెద్దావిడ "వేడి చేసిందమ్మా" అంటే, ఆ మాటకి అర్థమేంటని ఇతన్ని అడిగింది.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"ఫీవర్ అని చెప్పానండీ" అన్నాడు.