స్కీయింగ్‌కి ఏ కొండకు వెళ్ళాలి? అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సంక్రాంతి సెలవులకి మనాలీ వెళ్తున్నాం. ఒక పూట స్కీయింగ్ పెట్టుకుంటే సరిపోతుందా?" హైదరాబాద్ నుంచి కొత్తవాళ్ళని మంచు కొండలకు తీసుకెళ్ళి స్కీయింగ్ నేర్పించడం నా పని. అందరూ ఏ ఊరు బాగుంటుందని అడుగుతారు. నేను మాత్రం ఎన్ని రోజులున్నాయి, ఇంతకుముందు ఎప్పుడైనా కాళ్ళకి స్కీలు కట్టారా అని అడుగుతాను. ఆ రెండూ తెలిస్తే ఊరు దానంతటదే తేలిపోతుంది.

అపోహ: మంచు పడిందంటే స్కీయింగ్ చేసుకోవచ్చు.

మంచులో ఆడుకోవడానికి అరడుగు చాలు. స్కీయింగ్‌కి వాలు మీద రాళ్ళు, గడ్డి పైకి తేలనంత మందంగా మంచు పేరుకుని ఉండాలి. మొదటి మంచు పడగానే పరుగెత్తేవాళ్ళకి దొరికేది ఫొటోలే. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజులు 'చిల్లై కలాన్', అంటే గడ్డు చలికాలం. ఆ పేరు విని డిసెంబర్ చివరికి టికెట్లు తీసేసుకుంటారు. చలి ఉంటుంది సరే, మంచు ఉంటుందని రాసిచ్చేదెవరు? 2024 జనవరి మొదట్లో గుల్మార్గ్ మైదానం గోధుమ రంగు గడ్డితో బోసిగా ఉంది. 2025లో ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. నేనూ ఒకసారి డిసెంబర్ చివర్లో ఒక బృందాన్ని తీసుకెళ్ళి, నాలుగు రోజులూ కావా (కశ్మీరీ టీ) తాగించి తిరిగి తీసుకొచ్చాను. అప్పట్నుంచి జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపే తేదీలు ఇస్తున్నాను. పిల్లల బడి సెలవులతో అది కుదరదని తెలుసు. ఏం చేస్తాం, మంచుకి మన క్యాలెండర్ తెలియదు.

అపోహ: గుల్మార్గ్‌కి అంత పేరుంది కాబట్టి మొదటిసారికీ అదే మంచిది.

గుల్మార్గ్ ఒకటి కాదు, రెండు. కింద దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో మైదానం, దాని అంచున చిన్న చిన్న వాలులు. నేర్చుకునేవాళ్ళ చోటు అది. గొండోలా, అంటే కేబుల్ కారు, రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిపోతాం. ప్రపంచం నలుమూలల నుంచీ స్కీయర్లు వచ్చేది దాని కోసమే. అక్కడ ఎక్కువ భాగం యంత్రంతో చదును చేసిన బాట కాదు, పడ్డ మంచు పడ్డట్టే ఉంటుంది. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజంగానే ఉంది. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అలాగే చనిపోయారు. వాళ్ళేమీ నిన్నా మొన్నా స్కీలు కట్టినవాళ్ళు కాదు. కొత్తవాళ్ళు పైకి వెళ్ళండి, చూడండి, అదే గొండోలాలో దిగిరండి. స్కీలు కిందే వదిలేయండి.

ఓపికగా నేర్చుకోవాలంటే ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలు కొత్తకాళ్ళకి అనువుగా ఉంటుంది. ఎదురుగా నందాదేవి శిఖరం. కాకపోతే రిషీకేశ్ నుంచి ఒక రోజంతా కొండ రోడ్డు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్ళే రోప్‌వేని ఆపేశారు. పాత వీడియోలు చూసి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి.

అపోహ: ఒక్క రోజులో వచ్చేస్తుంది.

మనాలీ దగ్గర సోలాంగ్‌లో గంటకింత అని ఇచ్చే స్కీయింగ్‌లో ఒకతను మీ చెయ్యి పట్టుకుని ఇరవై అడుగులు జారుస్తాడు. అది స్కీయింగ్ కాదు, ఊరేగింపు. నాలుగు రోజులు లేకపోతే నేనసలు బృందాన్ని ఒప్పుకోను. మొదటి రోజు సగం బూట్లతోనే పోతుంది.

ఆ బూట్ల గురించి కొంచెం చెప్పాలి. మనవాళ్ళు చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకుని అద్దె షాపుకి వస్తారు. బూటు బిగిసి, రక్తం ఆడక, గంటలో పాదాలు మొద్దుబారిపోతాయి. అప్పుడు చలి ఇంకా ఎక్కువ. మోకాలి దాకా వచ్చే పలచటి సాక్సు ఒక్కటే వేసుకోండి. బూటులో కాలు పెట్టి, మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి, అప్పుడు బకిల్స్ పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందుకి తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి తప్పుకోవాలి. వంచినా వేళ్ళు నొక్కుకుంటుంటే చిన్న సైజు. మడమ పైకి లేస్తుంటే పెద్దది. షాపువాడు "చల్తా హై" అంటాడు, మీరు అనకండి.

రెండో రోజు స్కీల ముందు కొనలు దగ్గరకి తెచ్చి ఆగడం. మూడో రోజు మలుపు. భయమేస్తే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, వాలగానే స్కీలు మన మాట వినడం మానేస్తాయి. ముందుకి వంగమని ఎన్నిసార్లు చెప్పినా ఒంటికి అర్థమయ్యేది మూడో రోజునే.

అపోహ: విదేశమంటే స్విట్జర్లాండే, మన వల్ల కాదు.

కజకిస్తాన్‌లో అల్మాటీ నగరానికి ఆనుకునే షింబులాక్ అనే స్కీ రిసార్టు ఉంది. మన పాస్‌పోర్టుకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. చదును చేసిన బాటలు, వరసగా లిఫ్టులు. రెండోసారి వెళ్ళేవాళ్ళకి నేనిదే చెప్తున్నాను. మొదటిసారికి మాత్రం హిందీలో తిట్టే కశ్మీరీ గురువే మేలు.

అపోహ: ప్యాకేజీ తీసుకున్నాక మనం చూసుకునేదేం లేదు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆ రోజుకి ఇక ఆరదు. దిగిన మర్నాడే అఫర్వత్ ఎక్కొద్దు, తలనొప్పి ఖాయం. ఇంకొకటి, జమ్మూకశ్మీర్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. మంచు బాగా పడిన రోజు గుల్మార్గ్ కింద ఉండే తంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకి గొలుసులున్న బండిలోకి మారాల్సి వస్తుంది. ఒకాయన భార్యాపిల్లల్ని ముందు బండిలో ఎక్కించి, సామానుతో వెనక బండిలో బయల్దేరాడు. నలుగురి ఫోన్లూ ప్రీపెయిడ్. హోటల్ పేరు రాసున్న కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది.