పాటా, మాటా? ఎన్‌కోడర్ అడిగే ప్రశ్న అది కాదు

ఈ ఏడు సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ రికార్డు చేశాను. హనుమకొండ వచ్చాక సెకనుకు 24 కిలోబిట్లకు కుదించి, కథ చెప్పిన తాతకు పంపాను. విన్న వెంటనే ఫోన్ చేశాడు. "గిదేంది బిడ్డా, నా డోలు వానకు తడిసినట్టు మోగుతుంది? తాళాలైతే ఇసుక చల్లినట్టున్నయ్."

తప్పు నాదే. ఒగ్గు కథలో మాట ఎక్కువ కదా అని ఎన్‌కోడర్‌ను, అంటే ధ్వనిని కుదించే ప్రోగ్రామ్‌ను, మాటల పద్ధతికే కట్టేశాను. ఆడియో కుదించే పనిలో ఉన్నవాళ్లలో కూడా ఇలాంటి అపోహలు బలంగా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: మాటను, సంగీతాన్ని వేరుచేయడమంటే మనిషిలా విని పేరు పెట్టడం.

ఎన్‌కోడర్‌కు పేరుతో పనిలేదు. దాని దగ్గర రెండు పనిముట్లున్నాయి. చేతిలో ఉన్న ఈ 20 మిల్లీసెకన్ల ముక్కకు వాటిలో ఏది తక్కువ బిట్లతో సరిపోతుందన్నదే దాని ప్రశ్న.

మొదటి పనిముట్టును మనిషి గొంతును చూసి కట్టారు. స్వరతంత్రులు సెకనుకు వంద, రెండు వందల సార్లు కొట్టుకుంటాయి. ఆ దెబ్బలను నోరు, ముక్కు మలిస్తే మాట అవుతుంది. నోటి ఆకారాన్ని పదహారు అంకెల్లో, దెబ్బల వరసను మరికొన్ని అంకెల్లో పంపితే అవతల మాట మళ్లీ పుడుతుంది. రెండోది ధ్వనిని సన్నసన్న పౌనఃపున్యాలుగా విడగొట్టి, చెవి పట్టుకోలేని చోట బిట్లు మిగుల్చుకుంటుంది. తాళాల గలగలను మొదటి దానికి అప్పగిస్తే, నోరే లేని కంచుకు నోరు అతికించినట్టవుతుంది. తాత చెప్పిన ఇసుక అదే. తిప్పి చేసినా చిక్కే. చాలీచాలని బిట్లతో మాటను రెండో దానికి ఇస్తే, స్వరతంత్రుల ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య సందులోకి కుదించడంలో పుట్టే రొద పాకి గొంతు బొంగురుపోతుంది.

24 కిలోబిట్ల దగ్గర ఒక్కో ముక్కకు దక్కేది 60 బైట్లు. కుదించకముందు, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల కొలతలు, వాటినే శాంపిళ్లు అంటారు) 16 బిట్ల స్టీరియోలో అదే ముక్క 3840 బైట్లు. అంటే 64వ వంతు. పనిముట్టు తప్పితే దిద్దుకునే జాగా అందులో ఉండదు. 128 కిలోబిట్లు పెట్టగలిగినవాళ్లకు ఈ బాధ లేదు, రెండోదే అన్నిటికీ సరిపోతుంది. రెండు పనిముట్లనూ ఒకే కోడెక్‌లో (కుదించి, మళ్లీ విప్పే పద్ధతిలో) పెట్టిన ఓపస్, ఆడియో, వీడియో ప్రమాణాలు రాసే ఎంపెగ్ బృందం వాళ్ల యూసాక్ రెండూ 2012లోనే ప్రమాణాలయ్యాయి.

అపోహ: ఎంత చురుగ్గా అటూ ఇటూ మారితే అంత మంచిది.

తాత వచనం చెప్తూ చెప్తూనే రాగం అందుకుంటాడు. మాట పూర్తికాకముందే డోలు పడుతుంది, వంత పాడేవాళ్లు లేస్తారు. ప్రతి ముక్కకూ పనిముట్టు మారిస్తే అతుకులు చెవికి తెలుస్తాయి. అసలు మాటను పట్టించే గుర్తులే నిదానంగా బయటపడతాయి. మాట్లాడేటప్పుడు సెకనుకు దాదాపు నాలుగుసార్లు ధ్వని బలం లేచి పడుతుంది, మధ్యలో ఖాళీలొస్తాయి. 'ఆ' అన్నప్పుడు తరంగం సున్నా గీతను కొద్దిసార్లే దాటుతుంది, 'స్' అన్నప్పుడు సెకనుకు వేలసార్లు. ఈ లేచిపడటం 20 మిల్లీసెకన్లలో ఎలా కనబడుతుంది? ఒక సెకనైనా వినాలి. ఫోన్ కాల్‌లో అంతసేపు ఆగలేం, అందుకే అక్కడ గతాన్ని గుర్తుపెట్టుకుని కొంచెం మొండిగా ఉండే వర్గీకరణ కావాలి. మనలా దాచిపెట్టుకోవడానికి చేసేవాళ్లకు తొందరేముంది? ముందుకు వెళ్లి చూసి రావచ్చు, లేదా రెండు పద్ధతుల్లోనూ కుదించి ఏది అసలుకు దగ్గరగా ఉందో పోల్చుకోవచ్చు. 2004 నాటి ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ ప్లస్ అనే మొబైల్ ఫోన్ల కోడెక్‌లోనే ఆ పోల్చే దారి ఉంది.

అట్లాగే మళ్లీ చేసి, బిట్లు కూడా 48 కిలోబిట్లకు పెంచి పంపాను. "ఇప్పుడు తోలు ఎండింది" అన్నాడు తాత.

అపోహ: న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది, ఇక ఈ తంటా లేదు.

ఓపస్ 1.3లో, 2018 నుంచి, మాట ఏదో సంగీతం ఏదో చెప్పేది గతాన్ని గుర్తుపెట్టుకునే చిన్న న్యూరల్ నెట్‌వర్కే. పాతదానికంటే మెరుగు. అయినా అది నేర్చుకున్నది తనకు వినిపించిన వాటి నుంచే. మన కథలు, జానపదాలు దానికి వినిపించి, ఎక్కడ తడబడుతుందో చూసుకోవాల్సింది మనమే.

అపోహ: స్టీరియో అంటే రెట్టింపు బిట్లు.

ఒక్కరే మైకుల ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఎడమ, కుడి దాదాపు ఒకటే. రెండింటి కూడికను, తేడాను పంపితే తేడాకు అయ్యే ఖర్చు అతి స్వల్పం. అయితే మైకుల మధ్య జానెడున్నర దూరం పెట్టి, మనిషి ఒక పక్కకు జరిగితే ఒక మైకుకు ధ్వని మిల్లీసెకను దాకా ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినా తేడా సున్నా కాదు. ఒకే గొంతైనా స్టీరియో ఖరీదవుతుంది. అందుకే ఇది మాటా సంగీతమా అన్నది ఎంత ముఖ్యమో, ఆ ధ్వని రెండు మైకుల్లో ఎలా పడిందన్నదీ అంతే ముఖ్యం.

అన్నిటికంటే కష్టం బతుకమ్మ. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడే వలయం నడుమ మైకులు పెట్టి చూడండి. వాయిద్యం ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ గొంతులే. కాబట్టి మాటల పనిముట్టే చాలనిపిస్తుంది. కానీ అది ఒక గొంతు దెబ్బల వరసనే పట్టుకోగలదు. ఒకరు అందించిన చరణానికి ఇరవై మంది "ఉయ్యాలో" అనగానే ఏ వరసను పట్టాలో దానికి తోచదు. సంగీతం పనిముట్టుకు చప్పట్లతో పేచీ. అది ఒక్కోసారి చూసే ధ్వని ముక్కను కిటికీ అంటారు. ఈ రకం కోడెక్ అయిన ఏఏసీలో పొడవైన కిటికీ 2048 శాంపిళ్లు, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 43 మిల్లీసెకన్లు. చప్పట్టు దాని చివర పడితే, రొద మొత్తం కిటికీలో పరుచుకుని చప్పట్టు కంటే ముందే 'సుస్' అని వినిపిస్తుంది. 256 శాంపిళ్ల పొట్టి కిటికీకి మారితే అది తగ్గుతుంది గానీ బిట్లు తింటుంది.

ఇక పారామెట్రిక్ స్టీరియోలో వెళ్లేది ఒకటే చానెల్, దానికి తోడుగా ఏ పక్క ఎంత బలమో చెప్పే చిన్న చిన్న సూచనలు. అవి సెకనుకు కొన్ని పదుల సార్లే వెళ్తాయి. చప్పట్లు అంతకంటే దగ్గర దగ్గరగా, అన్ని వైపుల నుంచీ పడతాయి. దాంతో చుట్టూ తిరగాల్సిన వలయం ఒకచోట కుప్పగా వినిపిస్తుంది. యూసాక్‌లో ఇలాంటి చప్పట్ల ధ్వనుల కోసమే ఒక ప్రత్యేక పరికరాన్ని చేర్చాల్సి వచ్చింది. నేనైతే బతుకమ్మకు పారామెట్రిక్ స్టీరియో వాడను. 64 కిలోబిట్లైనా ఇచ్చి రెండు చానెళ్లనూ పంపుతాను. కుదించాక హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎడమ చివర ఆడుతున్నవాళ్ల చప్పట్లు ఎడమ చెవిలోనే పడుతున్నాయో లేదో మొదట వింటాను.